పారిస్ ఏ నెలలో చూడాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి పారిస్ ప్రశ్నలే ఎక్కువ. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, జవాబులు వివరంగా ఇస్తున్నాం.

ప్రశ్న: మేము నలుగురం. పిల్లలకు 13, 8 ఏళ్ళు. ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిచ్చినాక, జూన్ రెండో వారంలో మళ్ళీ తెరిచేలోగా పోయి రావాల. ఆరు రోజులు చాలనుకుంటున్నాం. ఎండ, వాన ఎట్లుంటాయి? ఏ వారం పెట్టుకోమంటారు?
— ఒక పాఠకురాలు, కె.టి. రోడ్డు, తిరుపతి

జవాబు: మే రెండో, మూడో వారాలు. మీ సెలవుల్లో అంతకన్నా మంచి రోజులు లేవమ్మా.

ఎండ, వాన చూసి నెల ఎంచుకోవడం మనకు అలవాటు. తిరుపతిలో ఏడాది పొడవునా మారేవి ఆ రెండే. పగటి పొడవు పెద్దగా మారదు. డిసెంబరులో పదకొండుంబావు గంటలు, జూన్‌లో పదమూడు గంటలకు కాస్త తక్కువ. పారిస్ దాదాపు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు చివర్లో పగలు ఎనిమిదింబావు గంటలే. జూన్ చివర్లో పదహారు గంటలు దాటుతుంది. విమానం ఛార్జీ అదే, హోటల్ అద్దె అదే, ఊరు చూసే వేళ మాత్రం సగానికి సగం తగ్గిపోతుంది. అందుకని ముందు వెలుగు చూసుకోండి, తర్వాత చలి, ఆ తర్వాతే వాన.

మే 15న అక్కడ సూర్యోదయం ఉదయం ఆరు దాటగానే, సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది ఇరవై ప్రాంతంలో. మధ్యాహ్నం 19, 20 డిగ్రీలు, తెల్లవారుజామున 10, 11. మన హార్స్‌లీ కొండల మీద చలికాలపు పొద్దుటిపూట ఎట్లా ఉంటుందో, అక్కడ మే నెల పొద్దున అట్లా ఉంటుందనుకోండి. పిల్లలకు ఒక పలచటి స్వెట్టరు, దాని మీద గాలి దూరని టోపీ జాకెట్ ఉంటే చాలు. మందపాటి కోట్లు మోసుకుపోవద్దు.

మే నెలలో చూసుకోవాల్సింది ఫ్రెంచివాళ్ళ సెలవులు. మే 1, మే 8 జాతీయ సెలవు దినాలు. మే 1న లూవ్ర్‌తో సహా చాలా మ్యూజియాలు మూస్తారు. వీటికి తోడు, ఈస్టర్ ఆదివారం తర్వాత 39వ రోజున వచ్చే అసెన్షన్ గురువారం కూడా సెలవే. శుక్రవారం ఒక్కటీ సెలవు పెడితే వరసగా నాలుగు రోజులు కలిసొస్తాయి కాబట్టి చాలామంది ప్రయాణాలు పెట్టుకుంటారు, రైళ్ళు నిండిపోతాయి. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది గనక మీరు వెళ్ళే ఏడాది క్యాలెండర్ చూసి ఆ నాలుగు రోజులు తప్పించండి. మే ఆఖరి వారంలో రోలాఁ గారోస్ టెన్నిస్ పోటీలు మొదలై జూన్ మొదటి వారం దాటేదాకా సాగుతాయి. ఆ రోజుల్లో ఊరి పడమటి వైపు హోటళ్ళు అందుబాటు ధరలో దొరకడం కష్టం.

పిల్లల నిద్ర గురించి మీరు అడగలేదు గానీ అందరి ప్లానూ తప్పేది ఇక్కడే. ఆ కాలంలో పారిస్ మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఇంట్లో ఆరింటికి లేచే పిల్లకు అక్కడ రాత్రి రెండున్నరకే మెలకువ వస్తుంది. సాయంత్రం ఆరు కాకముందే కునికిపాట్లు పడుతుంది. మొదటి రెండు రోజులూ దీంతో పోట్లాడకండి, వాడుకోండి. ఉదయం ఆరున్నరకు బయల్దేరి ట్రోకాదెరో మెట్ల దగ్గరికి పోతే ఎదురుగా ఐఫిల్ టవర్, చుట్టూ పట్టుమని పదిమంది ఉండరు. అదే చోట పది గంటలకు ఫోటో తీసుకోవడానికి సందు దొరకదు. చీకటి పడినాక ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాల పాటు టవర్ మీద దీపాలు తళతళలాడతాయి. మే నెలలో అది చూడాలంటే రాత్రి పది దాకా మేలుకోవాలి. ఆ పని మూడో రాత్రికో, నాలుగో రాత్రికో పెట్టుకోండి. మొదటి రాత్రి పెట్టుకుంటే చిన్నవాణ్ణి మీవారు భుజాన వేసుకుని మోయాల్సి వస్తుంది.

టవర్ లిఫ్టు టికెట్లు 60 రోజుల ముందు ఆన్‌లైన్లో తెరుస్తారు. మే మధ్యలో పోయేవాళ్ళు మార్చి మధ్యలోనే ఆ తేదీ కోసం కాచుకుని ఉండాలి. పైకొస దాకా టికెట్ కొన్నా గాలి ఎక్కువగా ఉంటే పై అంతస్తు మూసేయడం ఉంది. రెండో అంతస్తు నుంచి కనబడే ఊరు తక్కువేం కాదు, కట్టడాలను గుర్తుపట్టడానికి అదే నయం కూడా. మెట్ల దారిలో రెండో అంతస్తుకు 674 మెట్లు. అలిపిరి నుంచి మూడు వేల ఐదువందల పైచిలుకు మెట్లు ఎక్కే ఊరి పిల్లలకు అదొక లెక్క కాదు. టికెట్ ధర కూడా తక్కువ.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచరును, వయసు 66. మా ఆవిడకు 61, మోకాళ్ళ నొప్పి. మాకు సెలవుల బాధ లేదు, ఎప్పుడైనా పోవచ్చు. ఎండ మాకొద్దు, వణికించే చలీ వద్దు. ఏ నెల మంచిది? మెట్లు చానా ఉంటాయంటున్నారు, నిజమేనా?
— ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: నెల ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్ళకు మా మొదటి ఓటు సెప్టెంబరుకే మాస్టారూ. 8వ తేదీ నుంచి 22 లోపు. మధ్యాహ్నం 21 డిగ్రీల దాకా, రాత్రి 12, 13. సెప్టెంబరు 15న ఉదయం ఏడున్నరకు తెల్లవారి రాత్రి ఎనిమిదింటికి పొద్దు గూకుతుంది. అంటే ఇంచుమించు మనకు అలవాటైన పగలే. ఫ్రెంచి బడులు సెప్టెంబరు మొదటి వారంలోనే తెరుస్తారు. పిల్లలతో తిరిగే కుటుంబాలు ఊళ్ళకు చేరుకుంటాయి.

22 దాటవద్దనడానికి కారణం ఉంది. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా ఫ్యాషన్ వీక్ నడుస్తుంది. లోకంలోని బట్టల వ్యాపారులూ విలేఖరులూ అంతా అక్కడే ఉంటారు. మామూలు హోటళ్ళ అద్దెలు కూడా బాగా పెరుగుతాయి. సెప్టెంబరు కుదరకపోతే అక్టోబరు 8 నుంచి 20 దాకా మంచి రోజులే. చెట్ల ఆకులు పసుపు, రాగి రంగులకు తిరుగుతాయి. పగలు 16, 17 డిగ్రీలు, మీకు ఒక ఉన్ని స్వెట్టరు అదనం. అక్టోబరు ఆఖరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి సాయంత్రం ఐదున్నర దాటితే చీకటే. అది రాకముందే తిరిగొచ్చేట్టు చూసుకోండి.

సెప్టెంబరు మూడో వారాంతంలో వారసత్వ దినాలు జరుపుతారు. అధ్యక్షుడి నివాసమైన ఎలిసే భవనం లాంటి, మామూలు రోజుల్లో లోపలికి రానివ్వని కట్టడాలు ఆ రెండు రోజులు జనానికి తెరుస్తారు. కొన్నింటికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. తక్కినచోట్ల గంటల కొద్దీ వరసలో నిలబడాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు ఒకటి చాలు, రెండోది పెట్టుకోవద్దు.

కాణిపాకం జిల్లావాళ్ళు గనక ఇంకొకటి చెప్పాలి. పారిస్ 18వ వార్డులో, లా షపెల్ పేటలోని పాజోల్ వీధిలో శ్రీ మాణిక్క వినాయకర్ ఆలయం ఉంది. శ్రీలంక తమిళులు 1985లో నెలకొల్పుకున్నది. ఏటా ఆగస్టు చివర, సెప్టెంబరు మొదటి వారాల్లో ఒక ఆదివారం స్వామికి రథోత్సవం జరుపుతారు. వీధి మధ్యలో గుట్టలుగా పోసిన కొబ్బరికాయలు పగలగొడుతూ, కావళ్ళు ఎత్తుకుని, నాదస్వరంతో రథం లాగుతారు. తేదీ ఏటా మారుతుంది. వాళ్ళు ప్రకటించినాక విమానం టికెట్ తీసుకుంటే మీకు రెండూ కలిసొస్తాయి.

ఇక మెట్లు. నిజమే, చాలా ఉంటాయి. మెట్రో వందేళ్ళు దాటిన కట్టడం. లైను మారడానికి భూమి కింద పది నిమిషాలు నడిచి, మూడు చోట్ల ఎక్కి దిగాల్సిన స్టేషన్లు ఉన్నాయి. స్టేషన్లన్నిటికీ లిఫ్టులున్న లైను 14వది. ఓర్లీ విమానాశ్రయానికి పోయేదీ అదే. అమ్మగారికి మాత్రం బస్సు మేలు. పారిస్ బస్సులు నేల ఎత్తు తక్కువ, తలుపు దగ్గర మెట్టు ఉండదు. 69వ నంబరు బస్సు ఐఫిల్ టవర్ పక్కన షాఁ ద మార్స్ దగ్గర బయల్దేరి, ఇన్వాలీద్, ఓర్సే మ్యూజియం, లూవ్ర్, నగర భవనం, బాస్తీ మీదుగా పోతుంది. మెట్లెక్కకుండా సగం ఊరు కిటికీలోంచి కనిపిస్తుంది. మోఁమార్త్ర్ కొండకు మెట్ల పక్కనే తాళ్ళతో లాగే చిన్న బండి ఉంది, మెట్రో టికెట్ చెల్లుతుంది. ఆ కొండకు దగ్గరని అబెస్ స్టేషన్లో దిగేవాళ్ళు లిఫ్టు కోసం ఓపిగ్గా నిలబడాలి. చుట్టలు తిరిగే మెట్లదారి అందంగా ఉందని మొదలుపెడితే మధ్యలో కూర్చోవడానికి చోటుండదు.

ఒక్క సంగతి మర్చిపోవద్దు. మెట్రోకు, బస్సుకు విడి టికెట్లు వేరు. మెట్రో టికెట్‌తో బస్సెక్కితే చెల్లదు, తనిఖీవాళ్ళు పట్టుకుంటే అక్కడికక్కడే జరిమానా.

లూవ్ర్‌లో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, గుర్తింపు కార్డు పెట్టాలి. మొహమాటపడకుండా తీసుకోండి. ఆ భవనంలో నడక మామూలు నడక కాదు. హోటల్ గది తీసుకునేటప్పుడు లిఫ్టు ఉందో లేదో రాసి అడిగి, రాతలోనే జవాబు తెప్పించుకోండి. పాత కట్టడాల్లో నాలుగో అంతస్తు దాకా ఇరుకు మెట్లే ఉన్న హోటళ్ళు ఎన్నో ఉన్నాయి.

ప్రశ్న: మాది మదనపల్లె, ఉద్యోగం బెంగళూరులో. మా కంపెనీలో ఆగస్టులోనే పది రోజులు లీవు దొరుకుతుంది. ఆగస్టులో పారిస్ మొత్తం మూసేసి ఉంటుందని ఒకరంటే, అప్పుడే జనం జాస్తి అని ఇంకొకరంటున్నారు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. మూసేసేవి వీధి చివర రొట్టెల దుకాణాలు, చిన్న భోజనశాలలు, దర్జీలు, పాతపుస్తకాల షాపులు. యజమానులు రెండు మూడు వారాలు తలుపు మీద కాగితం అంటించి సముద్ర తీరాలకు పోతారు. 15వ తేదీ జాతీయ సెలవు, దానికి అటూ ఇటూ వారం రోజులు ఊళ్ళోవాళ్ళు బాగా పలచబడతారు. లూవ్ర్, ఓర్సే, వెర్సాయ్ రాజభవనం, ఐఫిల్ టవర్ అన్నీ తెరిచే ఉంటాయి. జనమంతా అక్కడే ఉంటారు.

అసలు చూడాల్సింది గది. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. 42 మనకు కొత్త కాదు, కానీ మనింట్లో ఫ్యాను ఉంది, మందపాటి మిద్దె ఉంది. అక్కడ పాత కట్టడాల పైకప్పులు జింకు రేకులు. పై అంతస్తు గదికి సీలింగు ఫ్యాను ఉండదు, ఏసీ చాలాచోట్ల ఉండదు. పగలంతా వేడెక్కిన రేకు రాత్రి రెండింటి దాకా గదిలోకి సెగ కొడుతుంది. సగటున ఆగస్టు మధ్యాహ్నం 25, 26 డిగ్రీలే ఉన్నా, వడగాలి వారం తగిలితే నిద్ర ఉండదు. ఏసీ ఉందని స్పష్టంగా రాసిన గదే తీసుకోండి. అద్దె తక్కువని పై అంతస్తు గదికి ఒప్పుకోవద్దు.

మీకు కలిసొచ్చేది సెన్ నది. శతాబ్దం పాటు నిషేధం ఉన్న ఆ నదిలో 2025 జులై నుంచి జనం ఈత కొట్టడానికి మూడు చోట్ల రేవులు కట్టారు. వేసవిలో ఉచితం. గట్టి వాన పడిన మర్నాడు మురుగునీరు కలిసే ప్రమాదం ఉంటుంది కాబట్టి మూసేస్తారు.

ప్రశ్న: డిసెంబరు చివర్లో పెళ్ళి. జనవరిలో సంక్రాంతికి అటూ ఇటూగా పారిస్ పోదామని ఉంది. మంచు కురుస్తుందా? చలికి ఎట్లాంటి బట్టలు కొనాలి?
— పలమనేరు నుంచి ఒక యువకుడు

జవాబు: మంచు కోసమైతే పోవద్దు. పారిస్‌లో ఏడాదికి కొన్ని రోజులే మంచు రాలుతుంది, నేల మీద నిలిచేది ఇంకా తక్కువ. ఉండేది బూడిదరంగు ఆకాశం, సన్నటి జల్లు, ఏడెనిమిది డిగ్రీల పగలు, మూడు డిగ్రీల రాత్రి. ఉదయం ఎనిమిదిన్నర దాటితేగానీ తెల్లవారదు, సాయంత్రం ఐదూ ఐదుంబావుకే చీకటి.

ఇదంతా చెప్పి కూడా, మీ ఇద్దరికీ జనవరి మంచి నెలే అంటాం. న్యూ ఇయర్ హడావుడి అయిపోయిన రెండో వారం నుంచి హోటల్ అద్దెలు ఏడాదిలోనే బాగా దిగుతాయి. లూవ్ర్‌లో మోనాలిసా ముందు కాసేపు నిలబడనిస్తారు. ఐఫిల్ టవర్ తళతళలు చూడటానికి అర్ధరాత్రి దాకా కాచుకోనక్కర్లేదు, ఆరింటికే కనబడతాయి. ప్రభుత్వం నిర్ణయించిన చలికాలపు తగ్గింపు అమ్మకాలు మామూలుగా జనవరి రెండో బుధవారం మొదలై నాలుగు వారాలు నడుస్తాయి. ఆ నెలలో మ్యూజియాలు, చర్చిలు, కాఫీ దుకాణాలు పెట్టుకోండి. తోటలు పెట్టుకోవద్దు. మోనే చిత్రకారుడి జివెర్నీ తోట ఏప్రిల్ 1 నుంచి నవంబరు 1 దాకానే తెరుస్తారు.

బట్టల్లో అందరూ చేసే పొరపాటు ఒకటే. చొక్కా మీద ఒక పెద్ద కోటు కొనేసి సరిపెట్టుకుంటారు. మెట్రోలోకి దిగగానే వెచ్చదనానికి చెమట పడుతుంది. నూలు బనియను ఆ చెమటను పీల్చుకుని తడిసిపోతుంది. పైకొచ్చి గాలి తగలగానే ఆ తడి ఒళ్ళంతా చల్లబరుస్తుంది. వణుకు అక్కడ మొదలవుతుంది. నూలు కాని థర్మల్ బనియను, పొడుగు లాగు ఒంటికి అంటుకునేట్టు, దాని మీద ఉన్ని స్వెట్టరు, అన్నిటి మీద వానా గాలీ దూరని జాకెట్. మూడు పొరలు. లోపలికి పోయినప్పుడు రెండు విప్పి చేత పట్టుకోవచ్చు. థర్మల్స్ రెండు జతలు, ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు, చేతికి గ్లవుజులు, చెవులు కప్పే టోపీ. బూట్లు నీళ్ళు పీల్చనివి, మేజోడు వేసుకున్నాక వేళ్ళు కదిలేంత వదులుగా ఉండాలి. బిగువు బూట్లలో రక్తం ఆడక కాలివేళ్ళు మొద్దుబారతాయి. పెళ్ళికూతురికి ఇంకో మాట. చీర మీద కోటు బాగానే ఉంటుంది గానీ కుచ్చిళ్ళ అంచు తడి రోడ్డు మీద నీళ్ళు లాగుతుంది. ఫోటోల రోజుకు చీర ఉంచుకుని, తిరిగే రోజులకు ప్యాంటు వేసుకోవడమే సుఖం.

ప్రశ్న: పారిస్‌కు వానాకాలం ఎప్పుడు?
— ఒక పాఠకుడు, పుంగనూరు

జవాబు: వానాకాలమంటూ లేదు. ఏడాది మొత్తం 630, 640 మిల్లీమీటర్లు పడుతుంది, అన్ని నెలలకూ దాదాపు సమానంగా పంచినట్టు. మన ఈశాన్య రుతుపవనాల వాన మాదిరి కుండపోత తక్కువ. ఇరవై నిమిషాలు చినికి ఆగిపోయేదే ఎక్కువ. జూన్ నుంచి ఆగస్టు దాకా సాయంత్రాలు ఉరుములతో గట్టి వానలు ఉంటాయి. ఏ నెలలో పోయినా మడిచే గొడుగు సంచిలో ఉండాల్సిందే.

ప్రశ్న: మేలో పోవాలంటే వీసాకు ఎప్పుడు పెట్టుకోవాల? మా బంధువులు ఏప్రిల్‌లో మొదలుపెట్టి, అపాయింట్‌మెంట్ దొరక్క ప్రయాణం మానుకున్నారు. పాస్‌పోర్టులో నాకు ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, ఇబ్బందా?
— శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ బంధువులది అందరికీ జరిగేదే. మనకు బడి సెలవులు వచ్చేది మేలో. దేశమంతా దాదాపు అప్పుడే. దరఖాస్తు కేంద్రాల్లో మార్చి, ఏప్రిల్ నెలల అపాయింట్‌మెంట్లు అందువల్లే అయిపోతాయి. కాలం ఎంచుకోవడం అంటే వీసా క్యాలెండరు ఎంచుకోవడం కూడా.

ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఒక్కటే ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అదనపు పరిశీలన పడితే 45 రోజుల దాకా. మే 12న విమానమైతే జనవరిలో కాగితాలు సిద్ధం చేసి, ఫిబ్రవరిలో కేంద్రానికి పోండి. సెప్టెంబరు ప్రయాణానికి జూన్‌లో పెట్టుకున్నా కంగారు లేదు. మన జిల్లాలవాళ్ళకు చెన్నై, బెంగళూరు కేంద్రాలు దగ్గర.

పద్ధతి ఇదీ. ముందు ఫ్రాన్స్ ప్రభుత్వ వీసా వెబ్‌సైటులో దరఖాస్తు నింపి ముద్రించుకోవాలి. ఆ తర్వాత కేంద్రంలో అపాయింట్‌మెంట్. ఆ రోజు వేలిముద్రలు, ఫోటో, పాస్‌పోర్టు ఇచ్చి రావాలి. 12 ఏళ్ళలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు వారికి 45, ఆరేళ్ళలోపు వారికి లేదు. కేంద్రం సేవారుసుము వేరే. పాస్‌పోర్టు పదేళ్ళలోపు ఇచ్చిందై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేది, బయల్దేరే రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా. ఒక్క రోజు తక్కువ పడినా కాగితాలు వెనక్కొస్తాయి.

తిరస్కరణకు దారితీసేవి ఎక్కువగా మూడు. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేయడం మొదటిది. అధికారి చూసేది నెలల తరబడి డబ్బు వచ్చిపోయే తీరు. హోటల్ బుకింగ్ తేదీలకూ, విమానం తేదీలకూ, సెలవు మంజూరు లేఖ తేదీలకూ పొంతన లేకపోవడం రెండోది. మూడోది ఎక్కువ రోజులు ఇటలీలోనో స్విట్జర్లాండ్‌లోనో గడుపుతూ ఫ్రాన్స్‌కు దరఖాస్తు పెట్టడం. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే పెట్టాలి.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం నేరం కాదు, చిక్కు మాత్రమే. విమాన సంస్థల వెబ్‌సైట్లు ఆ గడి ఖాళీగా ఉంటే ముందుకు పోనివ్వవు. ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి చెబుతుంది. డబ్బు కట్టకముందే సంస్థకు ఫోన్ చేసి, ఎట్లా నింపాలో అడిగి అట్లాగే నింపండి. వీసా ఫారంలో, బీమాలో, హోటల్లో పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, పొడి అక్షరాలు కుదరవు. సమయం ఉంటే పాస్‌పోర్టును ఇంటిపేరుతో మళ్ళీ తీసుకోవడమే శాశ్వత పరిష్కారం.

2025 అక్టోబరు 12 నుంచి అక్కడి సరిహద్దుల్లో కొత్త ఎలక్ట్రానిక్ నమోదు పద్ధతి మొదలైంది. ముఖం ఫోటో తీసుకుంటారు, పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు కంప్యూటర్లో రాకపోకలు రాస్తారు. మొదటిసారి పోయేవాళ్ళకు వరసలో ఆలస్యమవుతుంది. దిగిన గంటకే ఇంకో రైలో విమానమో పెట్టుకోవద్దు.

ప్రశ్న: మేము శాకాహారులం, గుడ్డు కూడా తినము. అన్నం, చారు లేకుండా మా అత్తగారు రెండు రోజులు కూడా ఉండలేరు. కుక్కరు, ఊరగాయలు, నెయ్యి తీసుకుపోవచ్చా? మే నెల కదా, మన తోటలో కాయలు కూడా తీసుకుపోవాలని ఆమె కోరిక.
— ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: మామిడికాయలు వద్దమ్మా. యూరప్‌లోకి తాజా పళ్ళు, కూరగాయలు, ఆకులు ధ్రువపత్రం లేకుండా తీసుకురానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా అందులోదే. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం లాంటి నాలుగైదింటికే మినహాయింపు. నెయ్యి, పాలకోవా, పెరుగు మిరపకాయలు పాల పదార్థాల కిందికి వస్తాయి, అవీ నిషేధమే. పట్టుబడితే తీసి పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు.

ఊరగాయ, చింతపండు, కందిపొడి, చారుపొడి, రాగిపిండి, బియ్యం తీసుకుపోవచ్చు. ఊరగాయ చేతిసంచిలో పెట్టకండి, 100 మిల్లీలీటర్ల పరిమితిలోకి అదీ వస్తుంది, తనిఖీలో లాగేస్తారు. చెకిన్ పెట్టెలో పెట్టేటప్పుడు సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం పరిచి బిగించి, రెండు జిప్ సంచుల్లో, బట్టల మధ్య నిలువుగా పెట్టండి. మూత దాకా నింపకుండా రెండు వేళ్ళ ఖాళీ ఉంచితే నూనె పైకి తన్నదు.

హోటల్ గదిలో వంట ఒప్పుకోరు. పొగ గంట మోగితే కట్టడమంతా ఖాళీ చేయిస్తారు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటళ్ళు తీసుకోండి. అక్కడ పొయ్యి చాలాచోట్ల ఇండక్షన్. మన అల్యూమినియం కుక్కరు దాని మీద వేడెక్కదు. ఫ్రిజ్జు తలుపుకు అంటించే అయస్కాంతం కుక్కరు అడుగుకు అంటుకుంటే ఆ కుక్కరు పనిచేస్తుంది, లేకపోతే లేదు. ఇంట్లోనే చూసుకోండి. కరెంటు మనలాగే 230 వోల్టులు. మన మూడు పుల్లల ప్లగ్గు దూరదు, రెండు గుండ్రటి పుల్లలకు మార్చే అడాప్టరు రెండు తీసుకోండి.

అత్తగారికి ధైర్యం చెప్పండి. గార్ దు నోర్ స్టేషను నుంచి లా షపెల్ దాకా ఉన్న వీధుల్లో తమిళుల దుకాణాలు, హోటళ్ళు ఉన్నాయి. ఇడ్లీ, దోసె, అన్నం, సాంబారు దొరుకుతాయి. కందిపప్పు, కరివేపాకు అక్కడే కొనుక్కోవచ్చు. హోటల్ ఆ పక్క తీసుకోమని చెప్పం, రాత్రిళ్ళు రద్దీ పేట. రెండు మూడు మెట్రో స్టేషన్ల దూరంలో ఉంటే చాలు.

ఫ్రెంచి భోజనశాలల్లో కూరగాయలతో చేసినట్టు కనబడేవాటిలోనూ మాంసం ఉంటుంది. ఉల్లిపాయ సూపుకు రసం ఎద్దు ఎముకలది. సలాడులో చిన్న ఎర్రటి ముక్కలు పంది మాంసం. కీష్ అనే ఉప్పటి వంటకం కాస్త దిబ్బరొట్టెలా కనబడుతుంది, దాంట్లో గుడ్డు తప్పదు. "సాఁ వియాండ్, సాఁ పొయసోఁ, సాఁ ఎఫ్" అంటే మాంసం, చేప, గుడ్లు లేకుండా అని. కాగితం మీద రాయించుకుని చూపించండి. 'మరే' అనే పేటలోని రోజియే వీధిలో ఫలాఫెల్ దొరుకుతుంది. నానబెట్టిన శనగలు రుబ్బి వేయించేది, మన మసాలా వడకు దగ్గరి చుట్టం, మీరు నిశ్చింతగా తినొచ్చు. ఆ దుకాణాలు యూదులవి, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా చాలావరకు మూసి ఉంటాయి. మంచినీళ్ళు కొనొద్దు. కుళాయి నీళ్ళు తాగొచ్చు, భోజనశాలలో "కరాఫ్ దో" అంటే ఉచితంగా ఇస్తారు.

ప్రశ్న: వారంలో ఏ రోజు దిగితే మంచిది? ఏ రోజు ఏది మూస్తారు?
— రేణిగుంట నుంచి ఒక పాఠకుడు

జవాబు: సోమవారం పొద్దున దిగండి. అక్కడి వారం పాసు సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది, కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు. గురువారం దిగి వారం పాసు కొన్నవాళ్ళకు నాలుగు రోజులే దక్కుతుంది. సోమవారం కొంటే విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రైలు, మెట్రో, బస్సు, వెర్సాయ్ రైలు, మళ్ళీ ఆదివారం విమానాశ్రయానికి, అన్నీ అందులోనే. 2026లో 32 యూరోల పైచిలుకు, కార్డుకు 5 యూరోలు వేరే. కార్డు మీద అంటించడానికి 25, 30 మిల్లీమీటర్ల కొలతలో ఫోటో తిరుపతిలోనే తీయించుకుని పోండి. విడిగా కొంటే విమానాశ్రయం టికెట్ ఒక్కటే 14 యూరోలు.

మూసే రోజులు: లూవ్ర్ మంగళవారం, ఓర్సే సోమవారం, వెర్సాయ్ భవనం సోమవారం. సోమవారం మూసిన వెర్సాయ్‌కి మంగళవారం జనం పోటెత్తుతారు, ఆ రోజు లూవ్ర్ కూడా ఉండదు కాబట్టి. వెర్సాయ్‌ని గురువారానికి పెట్టుకోండి. లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా ఉంటుంది, సాయంత్రం ఐదు తర్వాత పలచబడుతుంది. 2026 జనవరి నుంచి యూరప్ బయటివాళ్ళకు లూవ్ర్ టికెట్ 32 యూరోలు, 18 ఏళ్ళలోపు వారికి ఉచితం. ఉచితమైనా సమయం ముందుగా బుక్ చేసుకోవాలి. 2019 ఏప్రిల్ 15న కాలిపోయిన నోత్ర్ దామ్ చర్చిని 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. ప్రవేశం ఉచితం, పొద్దున ఎనిమిదికల్లా పోతే వరస చిన్నది. ఆధునిక కళల మ్యూజియం ఉన్న పోంపిదూ కేంద్రం మరమ్మతుల కోసం 2025లో మూసేశారు, 2030 దాకా తెరవరు. పాత గైడు పుస్తకాలు చూసి ప్లాను వేసుకునేవాళ్ళు దాన్ని కొట్టేసుకోండి.

ప్రశ్న: కార్డుతో కట్టేటప్పుడు యంత్రం రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడుగుతుందంట. ఏది నొక్కాల?
— కుప్పం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఎప్పుడూ యూరోలే. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ యంత్రం వాళ్ళు వేసిందే, అది మీ బ్యాంకు రేటు కన్నా ఎక్కువ పడుతుంది. ఏటీఎంలో కూడా అదే ప్రశ్న అడుగుతుంది, అక్కడా యూరోలే నొక్కండి.